ఆసిలోస్కోప్ స్క్రీన్ మీద వేవ్ కనబడకపోతే

వోల్టేజ్ సమయంతో ఎలా మారుతోందో గీతగా చూపించే డిజిటల్ ఆసిలోస్కోప్ ముందు కొత్తగా కూర్చున్నవాళ్లకి ఆ గీత కనబడకపోతే టెన్షన్ మొదలవుతుంది. ఒక నాబ్ తిప్పుతారు, ఇంకోటి తిప్పుతారు, చివరికి ఏది ఎక్కడుండేదో గుర్తుండదు. ముందు చెయ్యి ఆపి స్క్రీన్ అంచులు చదవండి. రన్‌లో ఉందా స్టాప్‌లో ఉందా, ట్రిగ్గర్ (వేవ్‌ని ఎక్కడినుంచి గీయాలో తేల్చేది) ఏ స్థితిలో ఉంది, స్క్రీన్ మీది ఒక్కో గడికి ఎన్ని వోల్టులు, గడికి ఎంత సమయం, అన్నీ అక్కడే ఉంటాయి. మోడల్‌ని బట్టి చోటు మారుతుందంతే.

సమస్య: గీతే లేదు
ఎడమ అంచున ఛానెల్ అంకెతో ఉన్న చిన్న గుర్తు చూడండి. అది పైకో కిందికో అంటుకుపోయి ఉంటే గీత స్క్రీన్ దాటిపోయింది. వర్టికల్ పొజిషన్ నాబ్‌తో మధ్యకి తెచ్చుకోండి. చాలా స్కోపుల్లో ఆ నాబ్‌ని నొక్కితే సున్నాకి వచ్చేస్తుంది. గుర్తే లేకపోతే ఛానెల్ ఆఫ్‌లో ఉంది.

గుర్తు సరిగ్గానే ఉండి గీత లేకపోతే ట్రిగ్గర్ నార్మల్ మోడ్‌లో ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో ట్రిగ్గర్ దొరికేదాకా స్కోప్ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఆటోకి మార్చండి.

సమస్య: వేవ్ నిలబడకుండా పక్కకి పాకుతోంది
ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. ప్రోబ్ (సర్క్యూట్‌కి తగిలించే వైరు) ఒకటో ఛానెల్‌లో ఉంటుంది, ట్రిగ్గర్ సోర్స్ రెండో ఛానెల్ మీద ఉండిపోతుంది. ట్రిగ్గర్ మెనూలో సోర్స్ మార్చండి. సోర్స్ సరిగ్గానే ఉంటే లెవెల్ బాణం చూడండి. అది వేవ్ పై కొనకీ కింది కొనకీ మధ్యలో ఉండాలి. బయట ఉంటే స్కోప్‌కి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

లెవెల్ మధ్యలోనే ఉన్నా వణుకుతుంటే నాయిస్ వల్ల కావచ్చు. ట్రిగ్గర్ కప్లింగ్‌లో హెచ్ఎఫ్ రిజెక్ట్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని ట్రిగ్గర్ పట్టించుకోకుండా చేసేది) పెట్టి చూడండి. సీరియల్ డేటాలా గుంపులు గుంపులుగా వచ్చే సిగ్నల్ అయితే హోల్డాఫ్, అంటే ఒక ట్రిగ్గర్ తర్వాత ఇంకోదానికి స్కోప్ ఆగే సమయం, పెంచాలి. ఒక గుంపు మొత్తం దాటే సమయం కంటే కాస్త ఎక్కువ ఇస్తే వేవ్ చక్కగా నిలబడుతుంది.

సమస్య: వోల్టేజ్ 10 రెట్లు తేడా
5 వోల్టులు రావాల్సిన చోట నాకోసారి 0.5 చూపించింది. రెగ్యులేటర్ పోయిందనుకుని ఊడదీసి కొత్తది సోల్డర్ చేశాను. మళ్లీ 0.5. తీరా చూస్తే ప్రోబ్ మీది స్విచ్ 10ఎక్స్‌లో (సిగ్నల్‌ని పదో వంతుకి తగ్గించేది) ఉంది, ఛానెల్ మెనూలో 1ఎక్స్ ఉంది. రెండూ ఒకటే ఉండాలి. అప్పటినుంచి కొలత మొదలుపెట్టే ముందు ప్రోబ్‌ని స్కోప్ ముందున్న ప్రోబ్ కాంపెన్సేషన్ కొక్కేనికి తగిలిస్తాను. చాలా స్కోపుల్లో అక్కడ 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది, వోల్టేజ్ పక్కనే రాసి ఉంటుంది. 10ఎక్స్‌లో వేవ్ మూలలు గుండ్రంగా ఉన్నా, కొమ్ముల్లా లేచినా ప్రోబ్ మీది చిన్న స్క్రూ తిప్పి చదును చేసుకోండి.

సమస్య: మెనూలో ఎంచుకున్నది పట్టడం లేదు
నాబ్ తిప్పితే ఎంపిక కదులుతుంది గానీ కొన్ని స్కోపుల్లో నొక్కితేనే ఖాయమవుతుంది. నొక్కకుండా వదిలేస్తే కాసేపటికి మెనూ మూసుకుపోయి పాత సెట్టింగే మిగులుతుంది.

సమస్య: కొలత బదులు చుక్కలో, ప్రశ్నార్థకమో
ఫ్రీక్వెన్సీ కొలవాలంటే కనీసం ఒక పూర్తి సైకిల్ స్క్రీన్‌లో ఉండాలి. వేవ్ పైనా కిందా తెగిపోతే వోల్టేజ్ లెక్క కూడా నమ్మలేం. గడికి వోల్టులు పెంచండి.

సమస్య: ఫ్రీక్వెన్సీ అసాధ్యంగా తక్కువ
టైమ్‌బేస్ (గడికి ఎంత సమయం అనే సెట్టింగ్) బాగా నెమ్మదిగా పెడితే శాంపిల్ రేటు, అంటే సెకనుకి తీసుకునే కొలతల సంఖ్య, పడిపోయి, లేని వేవ్ ఒకటి కనబడుతుంది. వేగం పెంచుతూ పోండి. వేవ్ ఆకారమే మారిపోతే ముందు చూసింది అబద్ధం.

ఏదీ కుదరకపోతే డిఫాల్ట్ సెటప్ నొక్కండి, కానీ ముందు మీ సెట్టింగులు సేవ్ చేసుకోండి. నొక్కాక ప్రోబ్ సెట్టింగ్ మారిపోయి ఉండొచ్చు, అది మళ్లీ సరిచూశాకే కొలవండి.