ఆంజా బాట గీసే ముందు ఇవి చూసుకోండి

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ మ్యాప్ మీద, స్పెయిన్ సైనికాధికారి ఆంజా 1776లో చేసిన యాత్ర బాట గీయడానికి కూర్చుంటున్న మన క్యూపర్టినో, శాన్‌హోసే వాళ్లకు:

– ముందు భూమి ఎవరిదో చూడండి. 1990లోనే జాతీయ చారిత్రక బాటగా గుర్తింపు వచ్చినా, ప్రైవేటు స్థలంలోంచి నడిచే హక్కు దాంతో రాదు. అడక్కుండా గీత గీస్తే యజమాని అడ్డం తిరుగుతాడు, మొత్తం పని అక్కడే ఆగిపోతుంది.

– ఇక్కడి ఆదివాసులైన ఓలోనీ వాళ్లతో మొదట్లోనే మాట్లాడండి. వాళ్ల సమాధుల చోట్లు పబ్లిక్ మ్యాప్‌లో అస్సలు పెట్టొద్దు, తవ్వేవాళ్లుంటారు.

– యాత్రలో ఆంజా వెంట ఉన్న ఫాదర్ ఫాంట్ డైరీలో దూరాలు లీగుల్లో (పాతకాలపు దూరం కొలత) ఉంటాయి. మార్చి 25 మజిలీ స్టీవెన్స్ క్రీక్ దగ్గరని చెప్పొచ్చు గానీ, మజిలీకీ మజిలీకీ మధ్య దారి చాలావరకు అంచనాయే. అక్కడ చుక్కల గీతే పెట్టండి.

– క్రీకు పక్క దారి వంతెన కిందనుంచి వెళ్తే చలికాలం వానలకు మునిగే ప్రమాదం ఉంది, పైనుంచి ఇంకో దారి చూపించండి.