యాసిడ్‌కు భయపడతారు సరే, క్షారం సంగతి?

ఆమ్లాలు, క్షారాల ప్రయోగం మొదలుపెట్టే రోజు ఏటా ఒక తమాషా చూస్తుంటాను. యాసిడ్ సీసా బల్ల మీద పెట్టగానే పిల్లలంతా ఓ అడుగు వెనక్కి వేస్తారు. సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారం సీసా పెడితే ఒక్కరూ కదలరు. టీచర్లుగా మనం జాగ్రత్తలు ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ఆమ్లం ఒంటి మీద పడితే చాలావరకు వెంటనే చురుక్కుమంటుంది, చెయ్యి దానంతటదే కుళాయి వైపు పోతుంది. క్షారం అలా కాదు. వేళ్ల మధ్య జారుతూ సబ్బునీళ్లలా తగులుతుంది. అక్కడ తయారవుతున్నది కూడా సబ్బే, మన చర్మం మీది కొవ్వుతో! నొప్పి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కంట్లో పడితే మరీ ప్రమాదం. ఆమ్లం కంటి పైపొర ప్రొటీన్లను గడ్డకట్టించి తన దారి తనే కొంత మూసేసుకుంటుంది. క్షారమైతే కరిగించుకుంటూ లోతుకు దిగిపోతుంది. అందుకే గాగుల్స్ ప్రయోగం చేసేవాళ్లకే కాదు, పక్కన నిలబడి చూసేవాళ్లకూ, చివర్లో బీకర్లు కడిగేవాళ్లకూ ఉండాలి. మామూలు కళ్లజోడు సరిపోదు, పక్కల నుంచి చిమ్మితే ఆపలేదు.

పిల్లల చేతికి 0.1 మోలార్ ద్రావణం దాటి ఇవ్వకండి. ఆమ్లమో క్షారమో చెప్పే 0–14 స్కేలు పీహెచ్ (7 తటస్థం) మీద, ఆ గాఢతలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం 1, సోడియం హైడ్రాక్సైడ్ 13 చూపిస్తాయి. స్కేలు రెండు చివరలూ దాదాపు అక్కడే కనిపిస్తుంటే అంతకన్నా గాఢమైనది ఎందుకు?

పలుచన చేసే పని మనదే, పిల్లలది కాదు. ముందు నీళ్లు, తర్వాత ఆమ్లం, కొద్దికొద్దిగా, కలుపుతూ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికన్నా 1.84 రెట్లు బరువు. దాని మీద నీళ్లు పోస్తే పైనే నిలిచి, పుట్టిన వేడికి అక్కడే మరిగి, ఆమ్లంతో సహా ముఖం మీదికి చిమ్ముతాయి. సోడియం హైడ్రాక్సైడ్ గుళికలకూ ఇదే పద్ధతి: చల్లటి నీళ్లలో కొన్ని కొన్నిగా వేయాలి.

పలుచనిదైతే ఏం కాదులే అనుకోకండి. ఒకసారి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క నా చొక్కా చేతి మీద పడితే తుడిచి ఊరుకున్నాను. ఉతికాక చూస్తే అక్కడ శనగగింజంత చిల్లు. నీరు ఆవిరైపోతుంది, ఆ ఆమ్లం పోదు, ఆరేకొద్దీ గాఢమవుతుంది. బల్ల మీద పడ్డ చుక్కా అంతే.

రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పే సూచికల్లో ఫినాఫ్తలీన్‌తో రెండు చిక్కులు. దాన్ని ఆల్కహాల్‌లో కరిగిస్తారు కాబట్టి బర్నర్ దగ్గర పెట్టకూడదు. రెండోది పిల్లలు పొరబడేది. పీహెచ్ సుమారు 8 దాటేదాకా అది రంగు చూపదు, కాబట్టి రంగు రాలేదంటే అవి మంచినీళ్లని కాదు, అందులో ఆమ్లమే ఉండొచ్చు. పైగా బాగా గాఢమైన క్షారంలో ఆ గులాబీ రంగు కాసేపటికి వెలిసిపోతుంది. అందుకే తెలియని ద్రావణానికి ముందు లిట్మస్ కాగితం పెట్టి చూడమనండి. కాగితాన్ని సీసాలో ముంచడం కాదు, గాజు కడ్డీతో ఒక చుక్క తీసి కాగితం మీద తాకించాలి. రుచి చూడటం, నోటితో పిపెట్ పీల్చడం అసలే వద్దు.

ఇంటి నుంచి నమూనాలు తెమ్మంటే బ్లీచ్ వద్దని ముందే చెప్పండి. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అదీగాక లిట్మస్ రంగునే తినేస్తుంది, ఫలితమూ తేలదు.

ఒంటి మీద పడితే పారే నీళ్ల కింద 20 నిమిషాలు. ఆమ్లం పడ్డచోట క్షారం, క్షారం పడ్డచోట ఆమ్లం పోయకూడదు, తటస్థీకరణంలో పుట్టే వేడి ఇంకా కాలుస్తుంది. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కడుగుతూనే ఉండాలి, ఇంకొకరు డాక్టరుకు కబురు పెట్టాలి.

ఇంతా చెప్పి, నేను ఓ ఏడాది చేసిన పొరపాటు: సీసాలు, కాగితాలు, గాగుల్స్ అన్నీ సర్దాను, కుళాయి తిప్పి చూడలేదు. మధ్యలో ఒకబ్బాయి చెయ్యి కడుక్కోబోతే చుక్క నీరు రాలేదు. బకెట్‌లో పట్టి ఉంచిన నీళ్లతో గండం గడిచింది. ఇప్పుడు ముందు కుళాయి తిప్పుతాను. నీళ్లు రాకపోతే ఆ రోజు బోర్డు మీద సమీకరణాలు చెప్పుకుంటాం.