పెద్దల స్వయం అభ్యసనం – నాలుగవ పాఠం: నేర్చుకున్నామనడానికి రుజువేమిటి?

పెద్దలు తమ చదువును తామే నడుపుకోవాలనుకుంటారని, ఎదుట ఉన్న సమస్యకు అక్కరకు వచ్చేదాన్నే ముందుగా నేర్చుకుంటారని అమెరికన్ వయోజన విద్యావేత్త మాల్కం నోల్స్ చెప్పిన సంగతి గత పాఠంలో చూశాం. ఆ మాటలను ఆచరణలోకి తెచ్చేందుకు స్వయం నిర్దేశిత అభ్యసనంపై 1975లో వెలువరించిన పుస్తకంలో ఆయన ఒక సాధనాన్ని వివరించారు. అదే అభ్యసన ఒప్పందం, అంటే ఏం, ఎలా నేర్చుకోవాలో నేర్చుకునేవారే రాసిపెట్టుకునే పత్రం. దాన్ని రాసుకోవడమే ఈనాటి పాఠం.

ఒక కాగితం మీద అయిదు గడులు గీయండి. ఏం నేర్చుకోవాలి, దేని సాయంతో ఎలా నేర్చుకోవాలి, ఎప్పటిలోగా, నేర్చుకున్నామనడానికి రుజువేమిటి, ఆ రుజువు సరైనదో కాదో ఎవరు ఎలా తేలుస్తారు. మొదటి మూడూ తేలిగ్గానే నిండుతాయి. నాలుగవ గడి దగ్గర మాత్రం చాలామంది తడబడతారు, ఒప్పందం బలమంతా అక్కడే ఉంది కనుక దాని మీద ఎంత సమయం వెచ్చించినా వృథా కాదు.

కంపెనీల బ్యాలెన్స్ షీట్ చదవడం నేర్చుకోదలచిన వ్యక్తి రుజువు గడిలో ‘పుస్తకం పూర్తిచేయడం’ అని రాస్తే, అది పడిన శ్రమను చెబుతుందే గాని వచ్చిన విద్యను చెప్పదు. ‘ఇంతవరకు చూడని ఒక కంపెనీ బ్యాలెన్స్ షీట్ తీసుకుని, అప్పులు తీర్చే స్తోమత దానికి ఉందో లేదో కారణాలతో ఒక పేజీలో రాసి, అకౌంట్స్ తెలిసినవారికి చూపడం’ అని రాస్తే అది రుజువు.

ఇంత పట్టింపు ఎందుకంటే, వచ్చేసిందన్న భావన మనల్ని సులువుగా మోసగిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు, మరికొందరు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత చదివినవారికి 83 శాతం, రాసినవారికి 71 శాతం గుర్తుంది. వారం గడిచేసరికి చదివినవారికి 40 శాతమే మిగలగా, రాసినవారికి 61 శాతం నిలిచింది. అయినా తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవారే. ఆ విద్యార్థులు యువకులే అయినా, ఒంటరిగా చదువుకునే పెద్దలకు ఈ హెచ్చరిక మరింత అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే వారికి పరీక్ష పెట్టేవారెవరూ ఉండరు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పెద్దల బోధన వేరు, పిల్లల బోధన వేరు అని 1970లో గీత గీసిన నోల్స్, 1980 నాటికి ఆ రెంటినీ ఒకే దారిలోని రెండు కొసలుగా చూపారు. అంటే, బొత్తిగా కొత్త విషయంలో పెద్దలకూ చేయి పట్టుకుని నడిపించేవారు కావాలి. కాబట్టి మీరు ఎంచుకున్న విషయం మీకు పూర్తిగా కొత్తదైతే, ఒప్పందాన్ని అమలు చేయకముందే ఆ విషయం తెలిసినవారికి చూపించి గడులు సరిదిద్దుకోండి.

అభ్యాసం: ప్రస్తుతం మీరు నేర్చుకుంటున్న ఒక అంశానికి అయిదు గడులూ నింపండి. మరుసటి రోజు నాలుగవ గడిని మళ్లీ చదివి, అందులో ‘చదవడం’, ‘చూడడం’, ‘వినడం’ అన్న మాటలుంటే కొట్టివేసి, ఇంకొకరు చూసి తప్పొప్పులు చెప్పగలిగే పనిని ఆ చోట రాయండి.