ఫైబ్రోస్కాన్‌కి పరగడుపున వెళ్లండి

పొట్ట స్కానింగ్ రిపోర్టులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని ఉంటే, "ఈ రోజుల్లో అందరికీ ఉండేదేలే" అని ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తాం. గ్రేడ్ 3 అని ఉంటే ఆ రాత్రి నుంచే నిద్ర పట్టదు. రెండూ తొందరపాటే. ఆ గ్రేడ్ చెప్పేది లివర్‌లో కొవ్వు ఎంతుందో మాత్రమే. లోపల మచ్చలు కట్టి లివర్ ఎంత గట్టిపడిందో అది చెప్పదు. బాగా ముదిరి సిర్రోసిస్‌గా, అంటే లివరంతా మచ్చలతో గట్టిపడే దశగా, మారేదాకా మామూలు స్కానింగ్‌లో ఆ మచ్చ సరిగ్గా కనబడకపోవచ్చు కూడా. మున్ముందు లివర్ గతి ఏమిటన్నది ఎక్కువగా ఆ మచ్చను బట్టే ఉంటుంది. కాబట్టి డాక్టర్ దగ్గర "కొవ్వు ఎంత?" అని ఆగిపోకండి, "గట్టిపడిందా?" అని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు, పొట్ట చుట్టూ లావున్నవాళ్లు తప్పకుండా అడగాలి. రక్తపరీక్షలో చూసే లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నంత మాత్రాన మచ్చ లేదని కాదు.

మొదటి అంచనాకి పెద్ద ఖర్చేమీ లేదు. దాన్ని ఫిబ్-4 అంటారు. వయసు, ఎస్‌జీఓటీ (ఇదీ రక్తపరీక్షలో చూసే ఎంజైమే), ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగూ ఉంటే చాలు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి. ఎస్‌జీపీటీ వర్గమూలాన్ని ప్లేట్‌లెట్లతో గుణించి, వచ్చినదానితో మొదటిదాన్ని భాగించాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మన ల్యాబుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో రాస్తారు, లెక్కలో వేలల్లో వేయాలి. 1.6 లక్షలంటే 160. ఉదాహరణకి 52 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుందాం. 52ని 48తో గుణిస్తే 2496. 64 వర్గమూలం 8, దాన్ని 160తో గుణిస్తే 1280. భాగిస్తే 1.95. 1.3 కన్నా తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్లకి ఆ గీత 2. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా లివర్ డాక్టర్‌ని కలవాలి. మధ్యలో ఉంటే, మన ఉదాహరణలోలా, తర్వాతి మెట్టు ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో పైనుంచే కొలిచే పరీక్ష. 35 ఏళ్ల లోపువాళ్లకి మాత్రం ఈ లెక్కను పెద్దగా నమ్మలేం.

వానాకాలంలో ఇంకో జాగ్రత్త. డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది. ఆ రిపోర్టుతో ఫిబ్-4 వేస్తే లివర్ పాడైపోయినట్టు చూపిస్తుంది. జ్వరం తగ్గి, ఒంట్లో పూర్తిగా కుదుటపడ్డాక కొన్ని వారాలు ఆగి మళ్లీ రక్తపరీక్ష చేయించి లెక్కేసుకోండి.

ఇక ఫైబ్రోస్కాన్. మా అమ్మకి షుగర్ ఉంది. ఒక క్యాంపులో ఉచితంగా చేస్తున్నారంటే తీసుకెళ్లాను. షుగర్ మనిషి ఆకలితో ఉండకూడదని దారిలో నాలుగు ఇడ్లీలు తినిపించాను. తిన్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. గట్టిదనం అంకె 11.2 వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. మూడు వారాల తర్వాత వేరేచోట పొద్దున్నే పరగడుపున చేయిస్తే 7.1. అన్నం తిన్నాక లివర్‌కి రక్తం ఎక్కువగా వస్తుంది, దాంతో అది గట్టిగా ఉన్నట్టు కనబడుతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు ఆ పూట మందు ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి, పొద్దున మొదటి టైమ్ తీసుకోండి. పరీక్ష అవ్వగానే తినడానికి డబ్బా వెంట పెట్టుకోండి.

పరీక్షకి భయపడక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి కుడిచెయ్యి తలకింద పెట్టమంటారు. పక్కటెముకల మధ్య జెల్ రాసి, వేలితో చిన్నగా తట్టినట్టు పదిసార్లు కొలత తీస్తారు. లావుగా ఉన్నవాళ్లకి వేరే పెద్ద ప్రోబ్ ఉంటుంది, అది ఉందో లేదో ముందే కనుక్కోండి. ఈమధ్య కామెర్లు వచ్చినా, గుండె జబ్బుతో నీరు పట్టినా, ఎక్కువగా మందు తాగుతున్నా అంకె తప్పుగా పెరుగుతుంది. ఇవన్నీ దాచకుండా చెప్పండి. తాగుడు విషయం ముఖ్యంగా. పేస్‌మేకర్ ఉన్నా, గర్భంతో ఉన్నా పడుకునే ముందే చెప్పాలి.

రిపోర్టులో రెండు అంకెలుంటాయి. క్యాప్ అని రాసి వందల్లో ఉండేది కొవ్వు. కిలోపాస్కల్స్‌లో ఉండేది గట్టిదనం. 290 చూసి గుండె ఆగినంత పనైందని ఒకావిడ నాతో అన్నారు, అది క్యాప్. రెండో అంకె 8 లోపు ఉంటే ముదిరిన మచ్చ దాదాపు లేనట్టే. 12 దాటితే అనుమానం బలంగా ఉన్నట్టు. మధ్యలో ఉన్నవాళ్లకీ, రెండు పరీక్షలూ పొంతన కుదరనివాళ్లకీ డాక్టర్లు ఎంఆర్‌ఐతో గట్టిదనం కొలిచే ఎంఆర్ ఎలాస్టోగ్రఫీ గానీ, లివర్ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ గానీ చెప్పొచ్చు. పక్కన ఐక్యూఆర్ అని శాతం ఉంటుంది. గట్టిదనం అంకె ఏడు దాటినప్పుడు ఆ శాతం 30 కన్నా ఎక్కువుంటే ఆ కొలతలు ఒకదానికొకటి సరిపోలేదని అర్థం, మళ్లీ చేయమని అడగొచ్చు.

ఈ గొడవంతా చూసి లివర్ శుభ్రం చేస్తామనే పసరులకీ, పొడులకీ పోకండి. రోజూ తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి. బరువు ఎక్కువున్నవాళ్లు నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గితే లివర్ వాపు తగ్గుతుంది. పది వంతులు తగ్గినవాళ్లలో కొందరికి మచ్చ కూడా వెనక్కి మళ్లింది. 80 కిలోల మనిషికి ఎనిమిది కిలోలు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పూ కూరా పెంచి, రోజూ నడుస్తూ నెలల తరబడి చేయాల్సిన పని అది.

అమ్మ రిపోర్టు మీద తేదీ పక్కన 'పరగడుపున' అని పెన్నుతో రాసి ఫైల్లో పెట్టాను. ఇడ్లీ తిన్న రోజు రిపోర్టు మీద అదీ రాశాను. వచ్చే ఏడాది పోల్చి చూసే డాక్టర్‌కి ఆ రెండు మాటలూ కావాలి.