ఇంట్లో మోడల్ రైలు మొరాయిస్తోందా? లోపం చోటుదా, బండిదా?

బండి పట్టా తప్పి పడిపోగానే చాలామంది ముందుగా పట్టా పీకేస్తారు. ఆ పనిని ఆఖరికి ఉంచండి. అంతకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది: లోపం చోటును పట్టుకొని ఉందా, బండిని పట్టుకొని ఉందా? ఏ బోగీ వచ్చినా ఒకే చోట పడుతుంటే తప్పు పట్టాదో, కింద ఉన్న బల్లదో. ఒకే బోగీ ఎక్కడపడితే అక్కడ పడుతుంటే తప్పు దాని చక్రాలది. పడిన ప్రతిసారీ ప్లైవుడ్ మీద పెన్సిలుతో గీత పెట్టి, పక్కన బోగీ నంబరు రాయండి. ఒక సాయంత్రం బండి తిప్పితే సంగతి తేలిపోతుంది.

ఇక్కడి కొలతలు హెచ్‌ఓ స్కేలువి. అంటే అసలు బండిలో 87వ వంతు (1:87), పట్టాల మధ్య 16.5 మి.మీ.

ప్యాసింజర్ బోగీలు మలుపులో పడుతున్నాయి, గూడ్సు మాత్రం బాగానే పోతోంది

ఇది ప్లాను దగ్గరే పుట్టిన లోపం. పట్టా ఎంత సర్దినా పోదు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ వెడల్పు 122 సెం.మీ. అంచున కాస్త జాగా వదిలితే పట్టే మలుపు వ్యాసార్థం 56 సెం.మీ. దాటదు. బోగీ పొడవుకు కనీసం రెండున్నర రెట్లు వ్యాసార్థం ఉంటేనే బండి నమ్మకంగా తిరుగుతుంది. పాత ఐసీఎఫ్ రకం బోగీ ఈ స్కేలులో సుమారు 24.5 సెం.మీ., కొత్త ఎల్‌హెచ్‌బీ రకం 27. అంటే ఒకదానికి 61, రెండోదానికి 67 సెం.మీ. పైచిలుకు కావాలి. ఒక్క ప్లైవుడ్ మీద రెండూ కుదరవు.

బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ అసలు పొడవు 10.7 మీటర్లు, ఈ స్కేలులో 12 సెం.మీ. చిల్లర. దానికి 31 సెం.మీ. చాలు. అందుకే మన ప్రాంతంలో ఇల్లు చిన్నదైతే నా సలహా: నల్లగొండ స్టేషన్ కాకుండా విష్ణుపురం సిమెంటు సైడింగు (ఫ్యాక్టరీకి పోయే పక్క లైను) కట్టండి. బొగ్గు వ్యాగన్లు, సిమెంటు వ్యాగన్లు, ఒక షంటింగ్ ఇంజన్. చేతినిండా పని ఉంటుంది, మలుపు కూడా సరిపోతుంది.

ఎక్స్‌ప్రెస్ బండే కావాలంటే రెండు దారులు. ఒకటి, గది గోడల వెంట అడుగున్నర వెడల్పు బల్ల వేసి, మూలల్లో మాత్రం వెడల్పు పెంచడం. రెండోది ఎన్ స్కేలు. అది 1:160 కాబట్టి ఎల్‌హెచ్‌బీ 15 సెం.మీ. లోపే ఉంటుంది, 37 సెం.మీ. మలుపు చాలు. అదే ప్లైవుడ్ మీద దర్జాగా తిరుగుతుంది.

ఎండాకాలంలో పట్టా పక్కకు ఉబ్బింది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మేడ మీది రేకుల గదిలో పట్టా ఊరికే ఉండదు. డిసెంబరు పొద్దుటికీ మే మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా వస్తే, మీటరు పొడవున్న నికెల్ సిల్వర్ పట్టా అర మి.మీ. పెరుగుతుంది. అర మి.మీ. ఎంతలే అనిపిస్తుంది. కానీ రెండు కొసలూ కదలకుండా బిగిస్తే, ఆ పెరుగుదల మధ్యలో ఒక సెం.మీ.కు పైగా పక్కకు ఉబ్బుగా తేలగలదు. అదే సమయంలో కింది చెక్క ఫ్రేము ఎండి కుంచించుకుపోతుంది. పట్టా సాగుతుంటే దాని కింది నేల ముడుచుకుంటుందన్నమాట.

చలికాలంలో పట్టా వేస్తే ప్రతి మీటరుకూ అర మి.మీ. సందు వదలండి. మే నెలలో వేస్తే సందు దాదాపు అక్కర్లేదు. జాయింట్లన్నీ సోల్డరింగ్ చేయొద్దు. మలుపుల్లో చేసి, నేరుగా ఉన్నచోట జారనివ్వండి. ప్లైవుడ్‌కు పైనా, అడుగునా, అంచులకూ పెయింటు వేయించండి. వానకాలం తేమ ఎక్కువగా లోపలికి పోయేది ఆ కోసిన అంచుల నుంచే. మేడ మీది పెద్ద రేకుల గది, కింద చిన్న గది రెండూ ఖాళీగా ఉంటే, నేనైతే కింది గదినే తీసుకుంటాను.

ఒక్క బోగీయే పడుతోంది

మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. దాటుతుంది. కానీ హెచ్‌ఓ ట్రాక్ కొలత 1,435 మి.మీ. గేజ్‌కు చేసింది. అందుకే చేత్తో కట్టిన భారతీయ బోగీల్లో చక్రాల ఎడం తప్పడం తరచూ చూస్తాం. చక్రాల లోపలి ముఖాల మధ్య సుమారు 14.4 మి.మీ. ఉండాలి, వెర్నియర్‌తో కొలవండి. తర్వాత తూకం: 24.5 సెం.మీ. బోగీ 165 గ్రాముల దగ్గర ఉండాలి. తక్కువైతే బరువు అడుగునే, నేలకు దగ్గరగా అంటించండి.

అవతలి కొసకు పోయేసరికి ఇంజన్ నీరసిస్తోంది

కరెంటు జాయినర్ల (పట్టా ముక్కల్ని కలిపే తొడుగుల) గుండా పోతూ ప్రతిచోటా కొంత పోగొట్టుకుంటోంది. ఇంజన్ నడుస్తుండగానే మల్టీమీటర్‌తో రెండు కొసలా వోల్టేజీ చూడండి, తేడా కనిపిస్తుంది. బల్ల కింద 1.5 చదరపు మి.మీ. రాగి వైరు జత ఒకటి ఆ చివరి వరకు లాగి, ప్రతి మీటరుకూ పట్టాకు చిన్న వైర్లు సోల్డర్ చేయండి. సందుల కోసం జాయింట్లు వదిలేశాం కదా, ఈ వైర్లుంటేనే ఆ పద్ధతి పనిచేస్తుంది.

ఆగి ఆగి నడుస్తోంది

దుబ్బ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు గుడ్డతో పట్టాలు, చక్రాలు రెండూ తుడవండి. గరుకు కాగితం వద్దు. అది చేసిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది.

వంతెన ఎక్కలేకపోతోంది

గద్వాల ముందు కృష్ణ మీది వంతెన కట్టాలని మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఎవరికైనా ఆశ ఉంటుంది. ఒక పట్టా మీదుగా మరో పట్టా పోవాలంటే ఏడున్నర సెం.మీ. ఎత్తు కావాలి. మీటరుకు 2 సెం.మీ. ఎక్కుడైతే అందుకు 3.75 మీటర్లు, దిగడానికి మళ్లీ అంతే. ఎనిమిది బై నాలుగు బల్ల మీద చుట్టు మొత్తం ఆరు మీటర్లు కూడా రాదు. ఎక్కుడు నిటారుగా చేస్తే ఇంజన్ చక్రాలు జారుతాయి.

కాబట్టి పట్టాను పైకి లేపకండి, నదిని కిందికి దించండి. అసలు వంతెన మీద బండి కొండెక్కినట్టు ఎక్కదు. పట్టా తన మట్టంలోనే పోతుంది, నేలే దిగిపోతుంది. వంతెన వచ్చే మేర ప్లైవుడ్ కోసేసి, 10 సెం.మీ. కింద మరో చెక్క బిగించి అక్కడ నది చేయండి.

కంకర మీద తెల్లపొర

కంకర అంటించడానికి ఫెవికాల్ కలిపిన బోరు నీళ్ల లవణాలివి. ఫెవికాల్‌ను బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో సమపాళ్లుగా కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేయండి. జల్లించిన గ్రానైట్ రజను వాడితే ముందు అయస్కాంతం తిప్పండి. ఇనుప రేణువులుంటే ఇంజన్ మోటారులోకి పోతాయి.

లూపు తిరిగి వచ్చేసరికి షార్ట్

బండి లూపు తిరిగి అదే లైనులోకి ఎదురుగా వస్తే ప్లస్ పట్టా మైనస్‌ను తాకుతుంది. లూపు రెండు కొసలా రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు వేసి ఆ ముక్కను వేరు చేయండి. మామూలు డీసీ అయితే ప్లస్, మైనస్ తారుమారు చేసే డీపీడీటీ స్విచ్చు, డీసీసీ (డిజిటల్ కంట్రోల్) అయితే ఆ పని తనంతట చేసే ఆటో రివర్సర్ పెట్టండి. వేరు చేసిన ముక్క మీ అతి పొడవైన బండి కంటే పొడుగ్గా ఉండాలి. ఇంజన్ ఒక సందు మీద, చివరి బోగీ ఇనుప చక్రాలు రెండో సందు మీద ఒకేసారి ఉంటే షార్ట్ మళ్లీ వస్తుంది.