నౌకాదళంలో పనిచేసిన తండ్రికి స్మృతి వ్యాసం రాయడం ఎలా

అమెరికా నౌకాదళంలో పనిచేసి, భక్తితో జీవించి, ప్రభువు సన్నిధికి చేరిన తండ్రిని గురించి రాయడానికి కూర్చున్నప్పుడు, ముందుగా ఆయన డీడీ-214ను, అంటే సైనిక సేవ నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే పత్రాన్ని, వెతికి తీయండి. చేరిన తేదీ, విడుదలైన తేదీ, హోదా, పతకాలు అందులో ఉంటాయి. అది దొరకకపోతే సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రం నుంచి దగ్గరి కుటుంబ సభ్యులు తెప్పించుకోవచ్చు. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినవి ప్రధానంగా ఆర్మీ, వైమానిక దళాల రికార్డులు కనుక నిరాశపడనవసరం లేదు. అంత్యక్రియల్లో కనీసం ఇద్దరు సైనికులు జాతీయ పతాకాన్ని మడిచి కుటుంబానికి అందజేసే గౌరవాన్ని కోరడానికి కూడా ఈ పత్రం ఆధారమవుతుంది.

భక్తిని గురించి మాత్రం విశేషణాలతో సరిపెట్టకండి. ఆయన బైబిలును తెరిచి, పెన్సిలుతో గీత గీసిన వాక్యాలను, అంచుల్లో పిల్లల పేర్ల పక్కన రాసుకున్న తేదీలను ఓపికగా చూడండి. ఏ బిడ్డ జ్వరంతో మూలిగిన రాత్రి ఏ కీర్తనను పట్టుకుని ప్రార్థించారో ఆ నలిగిన పేజీ చెబుతుంది. నా దృష్టిలో వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది. ఆయన ఓడ మీద గడిపిన నెలల్లో ఇంటిని నడిపిన అమ్మను తప్పకుండా అడగండి, ఆమె మాటలను మార్చకుండా రాయండి. ముద్రణకు ఇచ్చేముందు తేదీలను పత్రంతో మరొకసారి సరిచూడండి.