రాగి రేకు మీద ఇత్తడి పొర ఎలా తయారు చేయాలి?

రాగిలో జింక్ కలిస్తే ఇత్తడి అవుతుంది. దానికి రెండింటినీ కొలిమిలో కరిగించనక్కర్లేదు. కరెంటుతో పలచని జింక్ పొర ఎక్కించి, కాస్త వేడి చేస్తే చాలు. ఆ రంగు మారే క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ముందు రాగి రేకును సన్నటి గరుకు కాగితంతో రుద్ది, సబ్బుతో కడగండి. దాని మీద నీళ్లు పోస్తే పొరలా పరుచుకోవాలి. బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా పోనట్టే, మళ్లీ కడగాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత పూత పెచ్చులుగా ఊడిపోతుంది. కడిగాక వేలితో ముట్టుకోకండి.

100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 15 గ్రాముల జింక్ సల్ఫేట్ కరిగించండి. రాగి రేకును పవర్ సప్లై నెగటివ్‌కు, జింక్ రేకును పాజిటివ్‌కు తగిలించి, ఒకదానికొకటి తగలకుండా ద్రావణంలో ముంచండి. రాగి దగ్గర ఒక్కో జింక్ అయాన్ (ద్రావణంలో పాజిటివ్ ఆవేశంతో ఉండే జింక్ కణం) రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా అంటుకుంటుంది. అవతల జింక్ రేకు కరుగుతూ ఆ లోటు పూడుస్తుంది.

కరెంటు విషయంలో ఆశపడొద్దు. మునిగిన రాగి వైశాల్యాన్ని రెండు వైపులా లెక్కగట్టి, చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీ ఆంపియర్లు మించకుండా పెట్టండి. పది నిమిషాలకు దాదాపు 3 మైక్రాన్ల పొర వస్తుంది, అంటే తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అంచుల్లో నల్లగా బూజులా పెరుగుతుంటే కరెంటు ఎక్కువైనట్టే. అక్కడికి అయాన్లు చేరే వేగం కంటే అంటుకునే వేగం ఎక్కువైపోతుంది. కరెంటు తగ్గించండి.

బూడిద రంగులోకి మారిన రేకును కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీలు తెరిచి, పటకారతో పట్టుకుని హాట్ ప్లేట్ మీద వేడి చేయండి. ఒక మూల నుంచి పసుపు రంగు మెల్లగా పాకుతుంది. జింక్ కరగాలంటే 420 డిగ్రీలు కావాలి, రాగికి 1085. కానీ అంత వేడి అక్కర్లేదు, ఘనరూపంలోనే రెండు లోహాల పరమాణువులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఎర్రగా మాత్రం కాల్చొద్దు, జింక్ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

బంగారు రంగు పరుచుకోగానే తీసి చన్నీళ్లలో ముంచండి. మిగిలిన ద్రావణం జలచరాలకు హానికరం కాబట్టి కాలువలో పోయకుండా పేరు రాసిన సీసాలో దాచుకుంటే మళ్లీ పనికొస్తుంది.

ఇంకో రేకును కావాలనే ఎక్కువసేపు వేడి మీద ఉంచి చూడండి. జింక్ లోలోపలికి దిగిపోయే కొద్దీ పైన పసుపు తగ్గి, మళ్లీ రాగి ఎరుపు తేలుతుంది.